మా నాయనమ్మ పేరు సూర్యకాంతం

నేను జెర్సీ సిటీ నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున్నే పాత్ రైలెక్కి మన్‌హటన్ వెళ్ళి, క్లయింటు ఆఫీసులో డేటాబేసులతో కుస్తీ పట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరే సగటు కన్సల్టెంటుని. సినిమాల మీద పరిశోధన చేసినవాణ్ణి కాదు. అయినా ఈ వారం సినిమా నటి సూర్యకాంతం గారి గురించి చెబుతానని నిర్వాహకులకి నేనే ఫోన్ చేశాను. దానికి కారణం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఫామిలీ ట్రీ గీసుకుని రమ్మన్నారు. పెద్ద అట్ట తెచ్చుకుని, చెట్టు బొమ్మ వేసుకుని, కొమ్మకో పేరు రాస్తోంది. మా అమ్మ ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చి మా దగ్గరే ఉంది. "బామ్మా, నాన్న వాళ్ళ నాయనమ్మ పేరేంటి?" అని అడిగింది పిల్ల. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా, "కాంతమ్మ అని రాసెయ్యి" అంది. నేను పక్క గదిలోంచి, "కాంతమ్మ కాదమ్మా, సూర్యకాంతం. పూర్తి పేరు రాయనీ" అన్నాను. అమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆపేసి, "ఎందుకురా, ఆవిడకే ఇష్టం ఉండేది కాదు" అంది.

పిల్లకి అర్థం కాలేదు. "వై?" అంది. ఆ "వై"కి జవాబు చెప్పడానికి మాకు రెండు శనివారాలు పట్టింది.

మీలో నలభై దాటినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మన ఇళ్ళలో సూర్యకాంతం అంటే ఒక మనిషి పేరు కాదు, ఒక తిట్టు. "అబ్బో, దాని అత్తగారు సూర్యకాంతమేనట" అంటే ఇంక వివరం అడిగేవాళ్ళు ఉండరు. కానీ అసలు ఆ మాటకి అర్థం చూడండి. ఎండ తగిలితే నిప్పు పుట్టిస్తుందని మన పాత పుస్తకాలు చెప్పే మణి పేరు సూర్యకాంతం. వెన్నెలకి కరిగేది చంద్రకాంతం. ఎంత చక్కటి జంట పేర్లు! మా నాయనమ్మ పుట్టింది 1939లో, పిఠాపురం దగ్గర. వాళ్ళ నాన్నగారు ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న పేరు. అప్పటికి ఆ పేరుకి ఏ మచ్చా లేదు. నటి సూర్యకాంతం గారికి అప్పటికి పద్నాలుగు పదిహేనేళ్ళు ఉంటాయి, ఆవిడ ఎవరో కాకినాడ దాటి ఎవరికీ తెలియదు.

ఆవిడ కథ కూడా ఆ చుట్టుపక్కలే మొదలైంది. 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. తల్లిదండ్రులకి పద్నాలుగో సంతానం. చిన్నప్పుడే పాటా ఆటా నేర్చుకున్నారు, నాటకాల్లో వేషాలు వేశారు. ఆ రోజుల్లో కాకినాడ అంటే నాటకాల ఊరు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు లాంటి వాళ్ళు అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచి వచ్చినవాళ్ళే. మైకులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆఖరి బెంచీవాడికి కూడా మాట స్పష్టంగా వినపడాలి, పైగా అది అరిచినట్టు ఉండకూడదు. స్టేజీ మీద నేర్చుకునే మొదటి పాఠం ఇదే. సూర్యకాంతం గారి గొంతు వినండి, ఆ పాఠం ఆఖరిదాకా ఆవిడని వదల్లేదు. సెల్‌ఫోన్ స్పీకర్లో విన్నా ఒక్క అక్షరం పోదు.

సినిమా పోస్టర్లు చూసి మోజు పుట్టి, హీరోయిన్ అవుదామని మద్రాసు వెళ్ళారు. ఈ ముక్క చాలామందికి తెలియదు. గయ్యాళి అత్త కావాలని ఎవరూ రైలెక్కరు కదా! జెమినీ స్టూడియోలో నెల జీతానికి చేరారు, మొదట అరవై అయిదు రూపాయలు. అది చాలదని అడిగితే డెబ్భై అయిదు చేశారు. జీతం పెంచమని అడగడంలో ఆవిడ మనందరికంటే ధైర్యవంతురాలు, నేను నా మేనేజర్ని అడగడానికి రెండేళ్ళు ఆగాను. 1946లో సి. పుల్లయ్య గారి 'నారద నారది'లో చిన్న వేషం, తరవాత 'గృహప్రవేశం', 1948లో వచ్చిన జెమినీ వారి 'చంద్రలేఖ'లో డాన్సర్ల మధ్య ఒక డాన్సరు. 'సౌదామిని'లో హీరోయిన్ అవకాశం చేతికందే సమయానికి కారు ప్రమాదం జరిగింది. మొహానికి దెబ్బలు తగిలాయి, వేషం పోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకుంటారు. బొంబాయి నిర్మాత ఒకాయన హీరోయిన్ వేషం ఇస్తానంటే, అంతకుముందు ఆ వేషానికి తీసుకున్న అమ్మాయిని తీసేసి తనకి ఇస్తున్నారని తెలిసి వద్దన్నారట. హీరోయిన్ కావాలని వచ్చిన మనిషి, అప్పటికి ఏమంత పేరూ డబ్బూ లేని మనిషి.

1950లో ఎల్వీ ప్రసాద్ గారి 'సంసారం' వచ్చింది. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమా. అందులో గయ్యాళి అత్త వేషం సూర్యకాంతం గారికి దక్కింది. సినిమా బాగా ఆడింది. ఆ ఏడాదే ఆవిడ పెళ్ళి కూడా. అప్పటికి వయసెంత? ఇరవై ఆరు. ఇరవై ఆరేళ్ళకి మేం ఎమ్మెస్ పూర్తిచేసి, నలుగురు కుర్రాళ్ళం ఒకే అపార్ట్‌మెంట్లో పడుకుని, ఉద్యోగం కోసం రెజ్యూమేలు దిద్దుకుంటున్నాం. ఆవిడ అప్పటికే అత్తగారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్కలు చెబుతాను, ఏమీ అనుకోకండి, వృత్తి దోషం. అక్కినేని నాగేశ్వరరావు గారు పుట్టింది 1924 సెప్టెంబరు 20న. అంటే సూర్యకాంతం గారికంటే ముప్ఫై ఎనిమిది రోజులు పెద్ద. ఎన్టీ రామారావు గారు 1923 మే 28న పుట్టారు, ఆవిడకంటే ఏడాదిన్నర పెద్ద. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో వీళ్ళిద్దరూ ఆవిడకి అల్లుళ్ళు! ఇంకా తమాషా 'మాయాబజార్'. అది 1957. అందులో ఆవిడ హిడింబి, ఎస్వీ రంగారావు గారు కొడుకు ఘటోత్కచుడు. రంగారావు గారు పుట్టింది 1918లో. తల్లికంటే కొడుకు ఆరేళ్ళు పెద్ద. పిల్లాణ్ణి బుజ్జగించినట్టు ఆయన్ని బుజ్జగిస్తుంటే మనకి ఎక్కడా అనుమానం రాదు. అట్ట మీద చెట్టు గీస్తున్న మా అమ్మాయికి ఈ లెక్క చెబితే, "దట్ ట్రీ ఈజ్ బ్రోకెన్" అంది.

నవ్వులాటకి చెప్పినా, క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితం ఏమిటో ఈ లెక్కలోనే ఉంది. మగవాడికి నలభై అయిదేళ్ళు వచ్చినా కాలేజీ కుర్రాడి వేషం వేస్తాడు. ఆడమనిషి ఇరవై ఆరేళ్ళకి ఒకసారి అత్తయితే ఇంక వెనక్కి రాదు. ఆ తలుపు అలా మూసుకుపోయినా పక్కన ఇంకో తలుపు తెరుచుకుంది. హీరోయిన్లు పదేళ్ళు, పదిహేనేళ్ళు వెలిగి తప్పుకుంటుంటే, సూర్యకాంతం గారు 1946 నుంచి 1994లో పోయేదాకా వేషాలు వేస్తూనే ఉన్నారు. నలభై ఎనిమిదేళ్ళు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి ఒక్కో సినిమాలో కొద్ది రోజుల పనే ఉంటుంది కాబట్టి ఒకేసారి నాలుగైదు సినిమాలకి కాల్షీట్లు ఇవ్వచ్చు. పొద్దున ఒక ఇంట్లో అత్త, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో తోడికోడలు. మా కన్సల్టెంట్ల బతుకులాంటిదే అనుకోండి, కాకపోతే మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు.

మరి అందరూ ఆవిడే కావాలని ఎందుకన్నారు? యాభైల్లో, అరవైల్లో తెలుగు సాంఘిక సినిమా అంటే ముప్పాతిక మువ్వీసం ఉమ్మడి కుటుంబం కథ. అన్నదమ్ములు మంచివాళ్ళు, పెద్ద కోడలు దేవత. మరి కథ కదలాలి కదా, ఎవరో ఒకరు నిప్పు రాజెయ్యాలి. ఆ పని ఆవిడది. 1957లో అన్నపూర్ణా వారి 'తోడికోడళ్ళు' చూడండి. శరత్‌బాబు నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు గారు తీశారు. కన్నాంబ, సావిత్రి, సూర్యకాంతం ముగ్గురూ తోడికోడళ్ళు. రేలంగి గారు ఆవిడ భర్త. ఉత్త దుర్మార్గురాలిగా వేస్తే మనం అసహ్యించుకుని ఊరుకునేవాళ్ళం. అనసూయ వేషంలో ఆవిడ చేసింది అది కాదు. తన మొగుడికీ తన పిల్లాడికీ అన్యాయం జరిగిపోతోందని ఆ మనిషి నిజంగా నమ్ముతుంది. ఆ భయం మొహంలో కనపడుతుంది. అది మనింట్లో మనం చూసిన మొహమే. నన్నడిగితే గుండమ్మ కంటే అనసూయే గొప్ప వేషం, ఈ మాటకి నాతో దెబ్బలాడేవాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు.

ఇక ఆ ఎడమ చెయ్యి. ఆవిడది ఎడమ చేతి వాటం. మన ఇళ్ళలో అయితే చిన్నప్పుడే ఆ చేతి మీద ఒకటి వేసి మాన్పించేవారు. ఆవిడ దాన్నే తన గుర్తు చేసుకున్నారు. కొంగు బొడ్లో దోపి, ఎడమ చెయ్యి గాల్లో తిప్పుతూ, కళ్ళు పక్కకి తిప్పి ఒక చూపు చూస్తే డైలాగు సగం చెప్పేసినట్టే.

'గుండమ్మ కథ' శనివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని చూశాం, యూట్యూబులో. నేను న్యూవార్క్ అవెన్యూ కొట్ల దగ్గరికి వచ్చిన కొత్తల్లో పాత సినిమాల డీవీడీలు అద్దెకి తెచ్చుకునేవాళ్ళం, ఇప్పుడా బాధ లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల నలుపు తెలుపు సినిమా చూస్తుందా అనుకున్నాను. రుబ్బురోలు దగ్గర రామారావు, సావిత్రి పాటకి పడిపోయింది. అదయ్యాక గుండమ్మని వదల్లేదు.

నాకు ఈసారి కొత్తగా తోచింది ఏమిటంటే, గుండమ్మ మనం అనుకున్నంత చెడ్డది కాదు. సవతి కూతుర్ని పనిమనిషిలా చూస్తుంది, నిజమే. సొంత కూతుర్ని నెత్తికెక్కించుకుంటుంది. కానీ ఎంత తొందరగా మోసపోతుందో చూడండి! రమణారెడ్డి గంటన్న ఏం చెబితే అది నమ్ముతుంది. పనివాడి వేషంలో వచ్చిన అంజిగాడు నాలుగు తీపి మాటలు చెబితే పొంగిపోతుంది. చివర్లో ఛాయాదేవి దుర్గమ్మ వచ్చి ఇంటి పెత్తనం లాక్కుంటే నిస్సహాయంగా నిలబడిపోతుంది. అప్పుడు మా అమ్మాయి, "పూర్ గుండమ్మా" అంది. ఇందాకటిదాకా తిట్టుకున్న మనిషి మీద జాలి పుట్టించడం తేలికైన పని కాదు. అది రామారావు గారి నూరో సినిమా, నాగేశ్వరరావు గారి తొంభై తొమ్మిదో సినిమా. సావిత్రి, జమున, రంగారావు అందరూ ఉన్నారు. అయినా సినిమా పేరు ఆవిడ పాత్రది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై ఏడు. ఇప్పుడు నా వయసూ అంతే.

మా అమ్మాయి చివరికి అడగవలసిన ప్రశ్న అడిగింది. "షీ వాజ్ మీన్ ఇన్ రియల్ లైఫ్ టూ?"

దానికి ఇక్కడి పిల్లలకి అర్థమయ్యే జవాబు ఒకటి దొరికింది. 'విజర్డ్ ఆఫ్ ఓజ్' సినిమా మీ పిల్లలు చూసే ఉంటారు. 1939లో వచ్చింది. అందులో ఆకుపచ్చ మొహం మంత్రగత్తె వేషం వేసినావిడ మార్గరెట్ హామిల్టన్. అప్పుడు ఆవిడకి ముప్ఫై ఆరు. సినిమాల్లోకి రాకముందు కిండర్‌గార్టెన్ టీచరు. షూటింగులో మంటలు అంటుకుని మొహం, చెయ్యి కాలాయి, తగ్గాక మళ్ళీ వచ్చి వేషం పూర్తిచేశారు. జీవితాంతం పిల్లలు ఆవిడని చూసి జడుసుకునేవారు. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. 1975లో మిస్టర్ రోజర్స్ టీవీ కార్యక్రమానికి వెళ్ళి, పిల్లలందరూ చూస్తుండగా మామూలు బట్టల మీద ఒక్కొక్కటే మంత్రగత్తె బట్టలు వేసుకుని, ఇదంతా వేషమేనమ్మా అని చూపించారు.

మన సూర్యకాంతం గారికి అలా చూపించే అవకాశం పెద్దగా రాలేదు. షూటింగుకి ఇంటి నుంచి పదార్థాలు వండి తెచ్చి యూనిట్లో అందరికీ కొసరి కొసరి పెట్టేవారని ఆ రోజుల వాళ్ళు ఎందరో చెప్పారు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కానీ ప్రేక్షకులు వేషాన్నే నమ్మారు. నీ మూలంగా తెలుగువాళ్ళు ఒక మంచి పేరు పిల్లలకి పెట్టుకోకుండా పోయారని తోటి నటులు ఆవిడ దగ్గర వేళాకోళం ఆడేవారట.

మా ఇంట్లో అది వేళాకోళం కాదు.

మా నాయనమ్మకి 1955లో పెళ్ళయింది. 'సంసారం' వచ్చి ఐదేళ్ళు, 'తోడికోడళ్ళు' ఇంకా రాలేదు. పేరు అప్పుడప్పుడే చెడుతోందన్నమాట. తరవాత ఏడేళ్ళలో పూర్తిగా చెడింది. రేషన్ కార్డు గుమాస్తా నుంచి గాజుల మల్లారం వాడి దాకా పేరడిగి నవ్వనివాడు లేడు. మా తాతగారు కూడా కోపం వస్తే, "పేరుకి తగ్గట్టే ఉన్నావు" అనేవారట. దాంతో ఆవిడ పేరు సగం కోసేసుకుని కాంతమ్మ అయిపోయింది. మా అమ్మకి 1985లో సంబంధం కుదిరినప్పుడు శుభలేఖలో అత్తగారి పేరు చూసి స్నేహితురాళ్ళు, "అయిపోయావే" అన్నారట. అమ్మ వణుకుతూ కాపురానికి వచ్చింది.

ఈ సంగతులన్నీ సినిమా అయ్యాక, టీ తాగుతూ అమ్మ చెప్పింది. నాకు తెలియనివి ఎన్నో. "ఆవిడ నన్ను ముప్ఫై ఆరేళ్ళలో ఒక్క మాట అనలేదురా. పాలు పొంగబెట్టినా అనలేదు, నీకు జ్వరం వస్తే నేను గమనించకపోయినా అనలేదు. లోపలికెళ్ళి గిన్నెలు సర్దుకునేది. మొదట్లో మంచితనం అనుకున్నాను. తరవాత తెలిసింది, నోరు విప్పితే నలుగురూ ఆ పేరుతో అంటారని భయం. అనాల్సినవి కూడా అనేది కాదు. ఆవిడ మనసులో ఏముందో నాకెప్పుడూ తెలియలేదు" అంది అమ్మ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక నటి తన పని అంత బాగా చేస్తే, ఆ పని తాలూకు బరువు ఎక్కడో పిఠాపురం దగ్గర ఒక పల్లెలో, ఆవిడని ఎన్నడూ చూడని మనిషి మోసింది. ఇది ఎవరి తప్పూ కాదు. సూర్యకాంతం గారి తప్పు అసలే కాదు. మా నాయనమ్మకి ఆవిడంటే కోపం కూడా ఉండేది కాదు. టీవీలో 'మాయాబజార్' వస్తే హిడింబి వచ్చేదాకా కూర్చుని చూసి, "మా ఊరావిడే" అనేది.

2017లో మా అమ్మాయి ఇక్కడ పుట్టినప్పుడు, ఆసుపత్రిలో బర్త్ సర్టిఫికెట్ కాగితం చేతిలో పట్టుకుని నాయనమ్మకి ఫోన్ చేశాను. మిడిల్ నేమ్ నీ పేరు పెడదామనుకుంటున్నాను అన్నాను. "వద్దు నాయనా, పిల్లకి ఆ పేరు వద్దు" అంది. అమెరికాలో ఆ సినిమాలు ఎవరూ చూడరు నాయనమ్మా అన్నా ఒప్పుకోలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. 2021లో ఆవిడ పోయింది. కోవిడ్ రోజులు, విమానాలు లేక నేను వెళ్ళలేకపోయాను.

అట్ట మీద పేరు రాసేటప్పుడు మా అమ్మే పక్కన కూర్చుని తెలుగులో రాయించింది. "ర్య" దగ్గర పిల్ల రెండుసార్లు తప్పు రాసింది, మూడోసారికి వచ్చింది. సోమవారం క్లాసులో టీచరు ఆ పేరు పలకలేకపోతే, అది సన్‌స్టోన్ అని, ఎండలో నిప్పు పుడుతుందని ఇదే చెప్పిందట. వచ్చే శనివారం 'తోడికోడళ్ళు' చూద్దామని ఒప్పందం. అమ్మకి తిరుగు టిక్కెట్టు నెలాఖరుకి ఉంది.